నానో రేణువులు, లివర్, యాంటీఆక్సిడెంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

"నానో రేణువుల వల్ల లివర్ పాడవుతుందట, యాంటీఆక్సిడెంట్లు వాడితే ఆగుతుందట, ఏది కొనమంటారు?" ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. ముందుగా నా మాట చెప్పేస్తాను. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో యాంటీఆక్సిడెంట్లు, అంటే ఆక్సిజన్ వల్ల కణాలకు జరిగే చెడును అడ్డుకునే పదార్థాలు, లివర్‌ను కొంతవరకు కాపాడాయి, అందులో అనుమానం లేదు. కానీ అవి రేణువును బయటికి పంపవు, అది రేపిన మంటను మాత్రమే తగ్గిస్తాయి. కాబట్టి రేణువు ఒంట్లోకి రాకుండా చూసుకోవడమే మొదటి పని. మాత్రల డబ్బా కొనాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట, చాలామందికి ఆ అవసరమే రాదు. ఎందుకో కింద వివరంగా రాశాను.

నానో రేణువు అంటే ఎంత ఉంటుంది? అంత చిన్నదానికి భయమెందుకు?

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నవాటిని నానో రేణువులు అంటారు. మన తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు ఉంటుంది.

అసలు సంగతి ఆ చిన్నతనంలోనే ఉంది. ఒక సెంటీమీటరు ఘనం తీసుకోండి. దాని ఆరు ముఖాలూ కలిపితే 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని 10 నానోమీటర్ల ముక్కలుగా చేస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు అవుతుంది, అంటే 700 గజాల పైచిలుకు స్థలమంత. బరువు ఏమీ మారలేదు, చర్య జరిపే చోటు మాత్రం అంత పెరిగింది. పెద్ద ముక్కగా ఉన్నప్పుడు మందకొడిగా పడి ఉండే పదార్థం నానో సైజులో చురుగ్గా మారేది ఇందుకే. జీవకణాల లోపలికి వెళ్ళే వీలు కూడా ఈ సైజులోనే వస్తుంది.

ఇవి మన ఒంట్లోకి ఎలా వస్తాయి?

ఊపిరితో, తిండితో, ఇంజెక్షన్‌తో. డీజిల్ పొగలో, వెల్డింగ్ పొగలో ఉంటాయి. తెల్లరంగు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్‌లో కొంత భాగం నానో సైజులోనే ఉంటుంది. వెండి వరఖులోంచీ, ప్లాస్టిక్ సీసా నీళ్ళలోంచీ కూడా కొన్ని వస్తాయి. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో అమ్మే సీసా నీళ్ళను పరీక్షిస్తే లీటరుకు సగటున 2,40,000 ప్లాస్టిక్ ముక్కలు కనిపించాయి, వాటిలో దాదాపు 90 శాతం నానో సైజువే.

అయితే ఒంట్లోకి వచ్చినదంతా రక్తంలోకి చేరదు. మింగిన టైటానియం డయాక్సైడ్‌లో రక్తంలోకి వెళ్ళేది ఒక శాతం కంటే చాలా తక్కువ, మిగతాదంతా విరేచనంలో పోతుంది. ఇంజెక్షన్ సంగతి వేరు, అది నేరుగా రక్తంలోకే వెళ్తుంది. కాబట్టి ఏ ప్రయోగం గురించి చదివినా, రేణువులను ఏ దారిన ఎక్కించారో ముందు చూడండి.

అన్ని అవయవాలు ఉండగా లివర్‌కే ఎందుకు చేరతాయి?

గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు లివర్ గుండా వెళ్తుంది. అందులోనూ ముప్పావు వంతు పేగుల నుంచి నేరుగా వచ్చే రక్తం. పేగు గోడ దాటిన ఏ వస్తువైనా మొదట ఆగే చోటు ఇదే.

లోపలికి తొంగి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. లివర్‌లోని సన్నని రక్తనాళాల గోడలు జల్లెడలా ఉంటాయి, వాటి నిండా 100 నానోమీటర్ల ప్రాంతంలో చిల్లులు. రక్తం అక్కడికి రాగానే నెమ్మదిస్తుంది. ఆ గోడలకు అంటిపెట్టుకుని కుప్ఫర్ కణాలు కాపలా కాస్తుంటాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ విల్‌హెల్మ్ వాన్ కుప్ఫర్ 1876లో వీటిని మొదట వర్ణించాడు. బ్యాక్టీరియా ముక్కైనా, చచ్చిన ఎర్రకణమైనా, నానో రేణువైనా పరాయిదిగా కనిపిస్తే పట్టి మింగేయడం వీటి పని. రక్తంలోకి ఎక్కించిన నానో మందుల్లో 30 నుంచి 99 శాతం దాకా లివర్‌లోనే చిక్కుకుంటాయని 2016లో ప్రచురించిన పరిశోధన చూపింది. సుమారు 6 నానోమీటర్ల కంటే చిన్నవైతే కిడ్నీలు వడకట్టి మూత్రంలో పంపేస్తాయి. అంతకన్నా పెద్దవి, అందులోనూ బంగారంలా కరగనివి, నెలల తరబడి అక్కడే ఉండిపోతాయి.

అక్కడ చేరాక చేసే నష్టం ఏమిటి?

ఒకటి కాదు, నాలుగైదు దారులున్నాయి. అందరూ చెప్పేది ఫ్రీ రాడికల్స్ గురించి. రేణువు ఉపరితలం దగ్గర ఆక్సిజన్ ఎలక్ట్రాన్‌ను దక్కించుకుని చురుకైన రూపంలోకి మారుతుంది. అది కణపు పొరలోని కొవ్వును, ప్రొటీన్లను, డీఎన్ఏను తగులుకుంటుంది. కోసిపెట్టిన అరటికాయ ముక్కలు గాలి తగిలి నల్లబడతాయి చూడండి, కణం లోపలా ఆక్సిజన్ వల్ల అలాంటి చెడే జరుగుతుంది. ముక్కల్ని మజ్జిగ నీళ్ళలో వేస్తే ఆ నలుపు ఆగినట్టే, యాంటీఆక్సిడెంట్ ఇక్కడ అడ్డుపడుతుంది.

ఇక మిగతా దారులు. జింక్ ఆక్సైడ్, వెండి లాంటివి కణం లోపలి ఆమ్లపు సంచుల్లో కరిగి లోహపు అయాన్లను వదులుతాయి. ఇనుము ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. హెన్రీ ఫెంటన్ 1894లో వివరించిన ఈ చర్య జీవశాస్త్రంలో అతి ప్రమాదకరమైన వాటిలో ఒకటి. మైటోకాండ్రియా దెబ్బతింటే కణానికి శక్తి అందదు. కుప్ఫర్ కణాలు మింగిన రేణువు కరగకపోతే అవి చిరాకుపడి వాపును రేపే రసాయనాలు విడుదల చేస్తాయి.

యాంటీఆక్సిడెంట్లు సూటిగా ఆపగలిగేది మొదటి దారిని. మిగిలిన వాటి మీద వాటి పట్టు తక్కువ. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింది జవాబులన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

లివర్‌కు సొంత రక్షణ ఏమీ లేదా?

బోలెడంత ఉంది. అన్నిటికంటే ముందు గ్లూటాథయోన్. గ్లూటమేట్, సిస్టీన్, గ్లైసీన్ అనే మూడు అమైనో ఆమ్లాలతో లివర్ దాన్ని తనంతట తానే తయారు చేసుకుంటుంది, ఒంట్లో మరే అవయవంలోనూ లేనంత నిల్వ పెట్టుకుంటుంది. దానికి తోడు సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్, కాటలేజ్ లాంటి ఎంజైములు పని చేస్తాయి. సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ పనిని 1969లో అమెరికాలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనిపెట్టారు. ఒక్కో ఎంజైము అణువు ఎడతెగకుండా లక్షల రాడికల్స్‌ను చల్లారుస్తుంది. విటమిన్ మాత్ర అలా కాదు, ఒక అణువు ఒకటి రెండు రాడికల్స్‌తో ఖర్చైపోతుంది.

ఈ ఎంజైములను అవసరాన్ని బట్టి పెంచే స్విచ్ ఒకటి కణంలోనే ఉంది, పేరు ఎన్ఆర్ఎఫ్2. మామూలు రోజుల్లో కీప్1 అనే ప్రొటీన్ దాన్ని కట్టేసి ఉంచుతుంది. ఒత్తిడి రాగానే కట్టు వదులై అది కేంద్రకంలోకి వెళ్ళి రక్షణ జన్యువులను లేపుతుంది. పసుపులోని కర్కుమిన్, కాలిఫ్లవర్ జాతి కూరగాయల్లోని సల్ఫోరఫేన్ లాంటివి పని చేసేది చాలావరకు ఈ స్విచ్ ద్వారానే అని ఇప్పుడు శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. అంటే అవి తామే పోరాడటం కంటే, ఉన్న సైన్యాన్ని నిద్రలేపడం ఎక్కువ.

ఎలుకల ప్రయోగాల్లో ఏం చూశారు?

ఈ ప్రయోగాలన్నీ దాదాపు ఒకే పద్ధతిలో సాగుతాయి. ఎలుకలను నాలుగు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వరు. ఒక గుంపుకు నానో రేణువులు మాత్రమే, ఒక గుంపుకు యాంటీఆక్సిడెంట్ మాత్రమే, చివరి గుంపుకు రెండూ ఇస్తారు. కొన్ని వారాల తర్వాత రక్తంలో, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కొలుస్తారు. లివర్ ముక్కలో గ్లూటాథయోన్ ఎంత మిగిలిందో, కొవ్వు ఎంత ఆక్సీకరణ చెందిందో చూస్తారు. తర్వాత పలుచని పొరలుగా కోసి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు.

ఆరోగ్యంగా ఉన్న ఎలుక లివర్ స్లైడు చూడముచ్చటగా ఉంటుంది. మధ్యలో ఒక సిర, దాని చుట్టూ కణాల వరుసలు కిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. గులాబీ రంగులో కణాలు, ఊదా రంగులో గుండ్రని కేంద్రకాలు. నానో రేణువులు ఎక్కువ మోతాదులో ఇచ్చిన గుంపు స్లైడులో ఆ వరుసలు చెదిరిపోతాయి. కణాల్లో తెల్లని బుడగలు, మధ్య సందుల్లో గడ్డకట్టినట్టు నిండిన రక్తం, అక్కడక్కడ వాపు కణాల గుంపులు. రెండూ ఇచ్చిన గుంపులో వరుసలు చాలావరకు తిరిగి కనిపిస్తాయి. కానీ పూర్తిగా కాదు. బుడగలు కొన్ని మిగిలే ఉంటాయి. విటమిన్ ఇ, విటమిన్ సి, క్వెర్సెటిన్, కర్కుమిన్, సిలిమారిన్, ఎన్-అసిటైల్ సిస్టీన్, సెలీనియం, ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం... ఏది ఇచ్చినా ఫలితం ఇంచుమించు ఇలాగే వస్తుంది: మేలు కనిపిస్తుంది, అది పాక్షికమే.

మరి అదే మనుషులకు ఎందుకు వర్తించదు?

మొదటి అడ్డు మోతాదు. లెక్క వేసి చూద్దాం. ఇలాంటి ప్రయోగాల్లో కిలో బరువుకు 300 మిల్లీగ్రాముల టైటానియం డయాక్సైడ్ ఇవ్వడం సాధారణమే. ఎలుక మోతాదును మనిషికి మార్చాలంటే 6.2తో భాగించడం వాడుక. అంటే కిలోకు 48 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి దాదాపు 2.9 గ్రాములు, అదీ రోజూ, శుద్ధమైన పొడిగా. తిండితో మనలో ఎవరం అంత తినం.

యాంటీఆక్సిడెంట్‌ను కూడా ఇదే లెక్కన చూడండి. కిలోకు 50 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ ఎలుకకు ఇస్తే, 60 కిలోల మనిషికి 480 మిల్లీగ్రాములకు పైనే. ఉల్లిపాయల్లో అది 100 గ్రాములకు 20–30 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే రోజుకు కిలోన్నర నుంచి రెండు కిలోలకు పైగా ఉల్లిపాయలు తినాలి! "ఉల్లిపాయ తింటే నానో విషం పోతుంది" అని వచ్చే వాట్సాప్ మెసేజ్ ఈ లెక్క ముందు నిలబడదు.

రెండో అడ్డు సమయం. చాలా ప్రయోగాల్లో యాంటీఆక్సిడెంట్‌ను రేణువులకు ముందో, వాటితోపాటో ఇస్తారు. బయట అలా జరగదు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా లోపలికి వెళ్ళాక మనకు సంగతి తెలుస్తుంది. ఇక మూడోది, మనుషుల మీద ఈ ప్రశ్నతో చేసిన పెద్ద ట్రయల్స్ లేవు. అందుకే ఏ మాత్రకైనా "నానో రేణువుల నుంచి లివర్‌ను కాపాడుతుంది" అని డబ్బా మీద రాస్తే, ఆ మాట ఎలుక స్లైడు మీద నిలబడ్డదే.

వీటిలో మనుషుల లివర్ మీద నిజంగా నిరూపణ ఉన్నది ఏది?

ఎన్-అసిటైల్ సిస్టీన్. కానీ నానో రేణువులకు కాదు, పారాసిటమాల్ విషానికి. మోతాదు మించిన పారాసిటమాల్ లివర్‌లోని గ్లూటాథయోన్‌ను హరించేస్తుంది. ఈ మందు సిస్టీన్‌ను అందించి ఆ నిల్వను మళ్ళీ నింపుతుంది. 1970లలో ఎడిన్‌బరోలో లారీ ప్రెస్కాట్ బృందం దీన్ని ప్రపంచానికి చూపింది. మింగిన 8 గంటల లోపు మొదలుపెడితే లివర్ దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. నేటికీ ప్రతి ఎమర్జెన్సీ వార్డులో ఇదే వాడతారు. యాంటీఆక్సిడెంట్ల వల్ల ప్రాణం నిలిచిన ఉదాహరణ కావాలంటే నేను దీన్నే చూపిస్తాను. విషం ఏమిటో తెలుసు, అది దేన్ని హరిస్తుందో తెలుసు, గడియారం చూసుకుని ఇస్తారు. ఆ మూడూ కుదిరాయి కాబట్టే పని చేసింది.

విటమిన్ ఇ తర్వాతి స్థానంలో ఉంది. షుగర్ లేని, వాపుతో కూడిన ఫ్యాటీ లివర్ రోగులకు రోజుకు 800 యూనిట్లు 96 వారాలు ఇస్తే 43 శాతం మందిలో మెరుగు కనిపించింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 19 శాతం మందిలోనే. ఇది 2010లో వచ్చిన ట్రయల్. డాక్టర్లు ఎంచి కొంతమందికే రాస్తారు, అందరికీ కాదు.

సిలిమారిన్ మన దగ్గర ప్రతి మెడికల్ షాపులో "లివర్ టానిక్" పేరుతో దొరుకుతుంది. విషపు పుట్టగొడుగు తిన్నవారికి దాని ఇంజెక్షన్ రూపాన్ని యూరప్‌లో వాడతారు. కానీ హెపటైటిస్ సి రోగుల మీద 2012లో వచ్చిన ట్రయల్‌లో దానికీ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనిపించలేదు.

పసుపు మంచిదే కదా, నానో కర్కుమిన్ క్యాప్సూల్ వేసుకోవచ్చా?

కూరలో వేసే పసుపుకు నాకేమీ అభ్యంతరం లేదు, తరతరాలుగా తింటున్నాం. పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. అందులోనూ పేగుల్లోంచి రక్తంలోకి చేరేది చాలా కొద్ది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే ఆ చేరిక 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు శాస్త్రజ్ఞులు చూపారు. అప్పటి నుంచి మిరియాలు కలిపినవి, నానో సైజుకు తెచ్చినవి అంటూ రకరకాల క్యాప్సూల్స్ వచ్చాయి.

కానీ ఎక్కువ లోపలికి వెళ్ళడం అన్నివేళలా మేలు కాదు. పసుపు సప్లిమెంట్ల వల్ల లివర్ దెబ్బతిన్న 10 మంది వివరాలను అమెరికాలోని లివర్ నిపుణుల బృందం 2022లో ప్రచురించింది. అందులో ఒకరు చనిపోయారు. కొందరు వాడినవాటిలో మిరియాల సారం కూడా ఉంది. ఇటలీ ప్రభుత్వం అదే సంవత్సరం ఈ డబ్బాల మీద హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. లివర్‌ను కాపాడాలని కొన్నది లివర్‌నే దెబ్బతీస్తే ఎంత బాధ! వంటింటి పసుపు చాలు.

సహజమైనవి, మొక్కల నుంచి వచ్చినవి. వీటి వల్ల హాని ఏముంటుంది?

ఉంటుంది. గ్రీన్ టీ కప్పులో తాగితే ఇబ్బంది లేదు. దాని సారాన్ని మాత్రగా చేసి రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకుమించి ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్య యాంటీఆక్సిడెంట్) తీసుకుంటే, లివర్ దెబ్బతింటోందనడానికి గుర్తుగా రక్తంలో దాని ఎంజైములు పెరగవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. తిప్పతీగ విషయంలో ముంబై డాక్టర్లు 2021లో కొన్ని లివర్ కేసులను ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో ఏకీభవించలేదు. నా సలహా మాత్రం ఒకటే: కరోనా రోజుల్లో మొదలుపెట్టి ఇంకా తాగుతున్న కషాయం ఏదైనా ఉంటే, ఒకసారి లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోండి.

విటమిన్ మాత్రల సంగతీ అంతే. ఫిన్లాండ్‌లో 29,000 మందికి పైగా పొగతాగే మగవాళ్ళ మీద ట్రయల్ చేస్తే, బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్ళలో లంగ్ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. ఆ ఫలితం 1994లో వచ్చింది. 2011లో అమెరికా ట్రయల్‌లో విటమిన్ ఇ వేసుకున్నవాళ్ళలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనిపించింది. ఇంకొకటి కూడా గమనించండి. విడిగా తిరుగుతున్న ఇనుము ఉన్నచోట ఎక్కువ మోతాదు విటమిన్ సి వేస్తే, అది ఇనుమును మళ్ళీ చురుకైన రూపానికి తెచ్చి పైన చెప్పిన ఫెంటన్ చర్యకే సాయం చేయవచ్చు.

ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. సూక్ష్మక్రిములను చంపడానికి, కణాల మధ్య కబుర్లకు ఒళ్ళే వాటిని వాడుకుంటుంది.

కామెర్లకు పసరు వేయిస్తారు కదా, నేల ఉసిరి లివర్‌కు మందు కాదా?

ఇది మన ఊళ్ళలో ప్రతి ఇంట్లో వచ్చే మాట. నేల ఉసిరికి ప్రయోగశాలలో యాంటీఆక్సిడెంట్ గుణం ఉంది, ఎలుకల లివర్‌ను కొంత కాపాడింది కూడా. అయితే కామెర్లలో చాలా భాగం హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వచ్చేవి. అవి ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గే రోజుల్లో పసరు తాగితే పేరు పసరుకు వస్తుంది. హెపటైటిస్ బి మీద చేసిన ట్రయల్స్‌లో నమ్మదగ్గ మేలు తేలలేదు.

నాకు భయం మొక్క గురించి కాదు. పసరు పోయించి పథ్యం పెట్టి రెండు వారాలు ఆగేలోపు, పిత్తనాళంలో రాయి ఉన్నవాళ్ళకు, లివర్ ఫెయిల్ అవుతున్నవాళ్ళకు, కామెర్లు వచ్చిన గర్భిణులకు విలువైన సమయం పోతుంది. గర్భిణులకు హెపటైటిస్ ఇ ప్రాణాంతకం. మీకు పసరు మీద నమ్మకం ఉంటే మీ ఇష్టం, కానీ ముందు రక్తపరీక్ష చేయించండి.

తెల్లబడటానికి పార్లర్లలో వేసే గ్లూటాథయోన్ ఇంజెక్షన్ లివర్‌కూ మంచిదంటున్నారు?

అందానికి సిరలోకి ఎక్కించే ఈ ఇంజెక్షన్ల మీద ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక ఇచ్చింది. తీవ్రమైన అలర్జీ, కిడ్నీ, థైరాయిడ్ సమస్యలు రావచ్చని చెప్పింది. నోటితో మింగితే చాలావరకు పేగుల్లోనే ముక్కలైపోతుంది. లివర్‌కు గ్లూటాథయోన్ కావాలంటే దాని ముడిసరుకు అందించండి: గుడ్డు, పప్పు, పాలు, చేప. తిండిలో ప్రొటీన్ సరిపోకపోతే, మద్యం ఎక్కువైతే ఈ నిల్వ పడిపోతుంది.

మా తమ్ముడు వెల్డింగ్ పని చేస్తాడు. రోజూ పాలు తాగితే, బెల్లం తింటే పొగ కడిగేస్తుందంటారు, నిజమేనా?

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. నానో రేణువుల ముప్పు నిజంగా ఉన్నది ఇలాంటి పనివాళ్ళకే. ఆటోనగర్లలో, గ్రిల్స్ షాపుల్లో చూడండి: షట్టర్ సగం దించి, లోపల ఫ్యాన్ కూడా లేకుండా, మూతికి కర్చీఫ్ కట్టుకుని పని చేస్తుంటారు. రాడ్డు అంటుకోగానే లేచే పొగ ఆవిరైన లోహం గట్టిపడిన రేణువుల గుంపు, ఎక్కువ భాగం నానో సైజే. జీఐ పైపు వెల్డ్ చేస్తే తెల్లగా లేచేది జింక్ ఆక్సైడ్. సాయంత్రానికి చలి జ్వరం, నోట్లో లోహపు రుచి, ఒళ్ళునొప్పులు వస్తాయి. మర్నాటికి తగ్గిపోతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వెల్డింగ్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

పాలు, బెల్లం పొట్టలోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకదాన్ని ఒకటి కలిసే దారే లేదు. తిండిగా అవి మంచివే, తాగనివ్వండి. కానీ ఆ డబ్బుతోపాటు ఇంకొంచెం పెట్టి ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 గానీ, అంతకన్నా మేలైన రెస్పిరేటర్ గానీ కొనిపించండి. కర్చీఫ్ నానో పొగను ఆపదు. షట్టర్ పూర్తిగా ఎత్తి, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి పని చేయమనండి. జీఐ పైపు మీద జింక్ పూతను అతుకు దగ్గర గ్రైండ్ చేసి తీసేశాక వెల్డ్ చేయమనండి, గ్రైండింగ్ చేసేటప్పుడూ మాస్కు ఉండాల్సిందే. ఏ యాంటీఆక్సిడెంట్ మాత్రా ఈ మూడు పనులకు సాటి రాదు.

సన్‌స్క్రీన్‌లో నానో జింక్ ఉంటుందట, మానేయాలా?

వద్దు. గాయాలు లేని చర్మం గుండా లోపలికి వెళ్ళేది అత్యల్పం. క్రీము వాడండి, స్ప్రే, పౌడరు రకాలు మాత్రం పీల్చే వీలుంది కాబట్టి వద్దు.

వెండి వరఖు స్వీట్లు, వెండి నీళ్ళు, భస్మాలు?

పండక్కి ఒక కాజు బర్ఫీ తిన్నంత మాత్రాన లివర్‌కు ఏమీ కాదు. వరఖులో 99.9 శాతం వెండి ఉండాలన్నది మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. నాసిరకం వరఖులో అల్యూమినియం కలుపుతారు, కాబట్టి నమ్మకమైన చోట కొనండి. తాగునీటిలో వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని మన ప్రమాణాలు చెబుతున్నాయి.

ఆన్‌లైన్‌లో అమ్మే "కొల్లాయిడల్ సిల్వర్" ద్రావణం మాత్రం ముట్టుకోవద్దు. దానికి ఏ జబ్బునూ తగ్గించే రుజువు లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. ఎక్కువకాలం తాగితే చర్మం బూడిద నీలిరంగులోకి మారుతుంది, ఆ రంగు మళ్ళీ పోదు. భస్మాల విషయానికొస్తే, స్వర్ణభస్మంలో నానో సైజు బంగారం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అసలు ప్రమాదం సరిగ్గా శుద్ధి చేయని భస్మాల్లో మిగిలే సీసం, పాదరసంతో. రోడ్డు పక్క, పేరు లేని పొట్లాల్లో వచ్చేవాటిని వాడకండి.

టైటానియం డయాక్సైడ్ యూరప్‌లో నిషేధించారట, మనకు?

ఫ్రాన్స్ 2020లో ఆపింది. డీఎన్ఏకు హాని చేయదని కచ్చితంగా చెప్పలేమని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2021లో అన్నాక, 2022లో యూరోపియన్ యూనియన్ అంతటా తిండిలో వాడకం ఆగిపోయింది. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం 2023లో మళ్ళీ పరిశీలించి, ప్రస్తుత వాడకంతో ఆందోళన అక్కర్లేదంది. అమెరికాలో బరువులో 1 శాతం దాకా అనుమతి ఉంది, మన దేశంలో కొన్ని పదార్థాల్లో పరిమితులతో ఉంది. ప్యాకెట్ మీద "171" అంకె చూస్తే తెలుస్తుంది. పిల్లల చూయింగ్ గమ్‌లు, రంగు పూత మిఠాయిలు తగ్గిస్తే ఇది తగ్గుతుంది, దాంతోపాటు చక్కెరా తగ్గుతుంది. డాక్టర్ రాసిన తెల్లపూత మాత్రలను మాత్రం ఈ భయంతో మానేయకండి.

పొలంలో నానో యూరియా కొడుతున్నాం, లివర్‌కు ఇబ్బందా?

2021లో అనుమతి వచ్చిన తొలి నానో యూరియా అర లీటరు సీసాలో నైట్రోజన్ 4 శాతం. యూరియా నీళ్ళలో కరిగిపోయే పదార్థం, మన లివర్ రోజూ తానే తయారుచేసేది కూడా. కరగని లోహపు రేణువులతో దీన్ని ఒకే గాటన కట్టకూడదు. అయినా పిచికారీ తుంపర్లు పీల్చకుండా మాస్కు, చేతికి గ్లౌజులు ఉండాలి. అదే ట్యాంకులో కలిపే పురుగుమందు గురించే నాకు ఎక్కువ టెన్షన్. గాలికి ఎదురు నడుస్తూ కొట్టకండి.

మందుల్లోనూ నానో ఉంటుందిగా, అవీ లివర్‌కు ముప్పేనా?

లివర్ రేణువులను పట్టేసే గుణాన్నే మందుగా మలిచారు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే మందు కొవ్వు నానో రేణువుల్లో కూర్చుని నేరుగా లివర్ కణాల్లోకి వెళ్తుంది. రక్తహీనత ఉన్న గర్భిణులకు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కించే ఐరన్ సుక్రోజ్ కూడా నానో సైజు మందే. కుప్ఫర్ కణాలు దాన్ని పట్టి ఇనుమును నెమ్మదిగా విడుదల చేస్తాయి. అందుకే దాన్ని తొందరపడకుండా, లెక్క ప్రకారం ఎక్కిస్తారు. కరోనా టీకా గురించి అడిగేవాళ్ళకు: మన దేశంలో ఎక్కువమంది వేసుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లలో కొవ్వు నానో రేణువులు లేవు.

కీమోథెరపీలో ఉన్నవాళ్ళు తమంతట తాము యాంటీఆక్సిడెంట్ మాత్రలు మొదలుపెట్టకూడదు. కొన్ని మందులు క్యాన్సర్ కణాన్ని చంపేది ఫ్రీ రాడికల్స్‌తోనే.

మరి ఏం తినమంటారు?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 క్యాలరీల భోజనానికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పు ధాన్యాలు అని ఉంది. గోంగూర, మునగాకు, జామకాయ, ఉసిరికాయ, నేరేడు, వెల్లుల్లి, వేరుశనగ అన్నీ ఇందులో ఇమిడిపోతాయి. ఒక జామకాయ రోజుకు కావాల్సిన విటమిన్ సి మొత్తం ఇచ్చేస్తుంది. ఇలా తింటే నానో రేణువులు పోతాయని నేను అనను. లివర్ తన గ్లూటాథయోన్‌ను, ఎంజైములను తయారుచేసుకోవడానికి సరుకు కొరత ఉండదు. మన జనంలో లివర్‌ను నిజంగా తినేస్తున్నవి పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్, మద్యం, హెపటైటిస్ బి. రేణువుల గురించి దిగులుపడే మనిషి సాయంత్రం తాగే మద్యం మానేస్తే లివర్‌కు దక్కే లాభం ఏ మాత్రలోనూ లేదు.

నానో రేణువులు ఉన్నాయో లేదో తెలిపే పరీక్ష ఉందా?

మామూలు ల్యాబ్‌లో లేదు. "నానో డీటాక్స్ టెస్ట్" అని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి. లివర్ ఎలా ఉందో తెలియాలంటే లివర్ ఫంక్షన్ టెస్ట్, అల్ట్రాసౌండ్, అవసరమైతే లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చాలు. వెల్డింగ్, స్ప్రే పెయింటింగ్, లోహపు పొడుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు ఏడాదికోసారి వీటితోపాటు ఊపిరితిత్తుల పరీక్ష కూడా చేయించుకోవాలి. డాక్టర్‌కు మీ పని ఏమిటో చెప్పండి, ఆయన అడగకపోయినా సరే.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి?

కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒంటి నిండా దురద, కుడి డొక్కలో నొప్పి, ఆగని వాంతులు ఉన్నా ఆలస్యం చేయకండి. మనిషి మాటలో తడబాటు, అయోమయం కనిపిస్తే అదే రాత్రి తీసుకెళ్ళండి. వాడుతున్న మాత్రలు, పొడులు, కషాయాల డబ్బాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. పేర్లు నోటితో చెబితే చాలదు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న జాబితాలోనే చాలాసార్లు కారణం దొరుకుతుంది.